లక్ష్మణమ్మ బోర్లించిన తట్ట

లక్ష్మణమ్మ "సీ" అంటే అది ఉత్త మాట కాదు. ముందు ముక్కు ముడతలు పడుతుంది. తర్వాత పై పెదవి ఒక పక్కకి లేస్తుంది. అప్పుడు మాట. ఆ పైన మొహం అటు తిప్పుకుని, ఎదుటి మనిషి అక్కడ లేనట్టే కొంగు సర్దుకుంటుంది. మేస్త్రీలు, ఆటోవాళ్ళు, ఒకసారి మా బావమరిది కూడా, ఆ "సీ" కింద నలిగినవాళ్ళే. మావాడు చేసిన తప్పల్లా పనికోసం నిలబడిన ఆడకూతుళ్ళ మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ బండి తోలడం. ఇప్పటికీ ఆ మూలకి వస్తే బండి దిగి నడిపించుకుంటూ పోతాడు.

గజపతినగరంలో నాలుగు రోడ్లు కలిసేచోట తాళ్ళు, బరకాలు, మేకులు, పారలు అమ్మే కొట్టు మాది. పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి దాని ముందు కూలీల అడ్డా నిండిపోయి ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు తమ ఇనప తట్టల్ని మా అరుగు వారన వరసగా పెట్టుకుని వెనకాల నిలబడతారు. తట్ట ఉంటే మనిషి ఉన్నట్టు. మేస్త్రీ వచ్చి వరస చూసి ఇంతమంది కావాలంటాడు. ముందు పెట్టినవాళ్ళు ముందు ఆటో ఎక్కుతారు. బేరం ఉండదు. అడ్డా రేటు అంటే అడ్డా రేటే.

ఆ రేటుకి కాపలా లక్ష్మణమ్మ. ఎవరూ పెట్టలేదు, తనే ఆ పదవిలో కూర్చుంది. యాభై దాటిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. పెంకుటింట్లో ఆమె, మంచం దిగలేని ఆమె అత్త. ఒకరంటే ఒకరికి పడదు. కానీ ఒకరి గురించి ఇంకొకరి దగ్గర ఎవరైనా మాటంటే ఊరుకోరు.

రేటుకి తగ్గి రహస్యంగా పనికి వెళ్ళారని తెలిస్తే, మర్నాడు వాళ్ళ తట్ట బోర్లిస్తారు. అంతే. కొట్టడం, తిట్టడం లేదు. బోర్లించిన తట్టని మేస్త్రీ లెక్కలోకి తీసుకోడు. ఆ మనిషిని ఎవరూ పలకరించరు. పనిలేని పూట అందరూ కూర్చుని కూరలు పంచుకునేటప్పుడు గిన్నె ఆ మనిషి ముందు ఆగదు. ఆ తట్టని సొంతదారు తిప్పుకోకూడదు, అడ్డాలో ఇంకొకరు తిప్పాలి. ఎప్పుడు తిప్పుతారన్నది వాళ్ళ దయ.

నిరుడు వానల్లో గంగులు తట్ట అలాగే బోర్లించింది లక్ష్మణమ్మ. గంగులు ముప్ఫై ఏళ్ళవాడు, బక్కపలచని మనిషి. పెళ్ళానికి జ్వరం తగ్గకపోతే ఒక గోడపనికి తక్కువకి ఒప్పుకున్నాడు.

"అప్పా, ఇంటిది లేవనేక పడుండాది. నాకు మరేటి దారి?" అన్నాడు పాపం.

"మా ఇళ్ళల్లో మాత్రం అందరూ లేసి గెంతుతున్నారేటిరా? నువ్వు తగ్గితే రేపు ఆడు నన్ను తగ్గమంటాడు. సీ!" అంది.

ఆ తట్టని ఎవరూ తిప్పలేదు. గంగులు చెన్నై వైపు ఇటుకల బట్టీకి పోయాడు. ఈ ఏడు వానలకి ముందు తిరిగొచ్చి, ఇంకా సన్నబడి, వరసలో చివర ఇంకో తట్ట పెట్టుకున్నాడు. లక్ష్మణమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది.

అప్పుడు వచ్చింది అనూరాధ. ఢిల్లీలో ఎక్కడో ఆర్థికశాస్త్రం చెప్పే అమ్మాయి, నిరుద్యోగం మీద పరిశోధన. మా కొట్టులో ఒక స్టూలు అడిగి తీసుకుని, తడిసిన గొడుగు మా తాళ్ళ చుట్టల మీద పెట్టి, రోజూ అడ్డాని చూస్తూ కూర్చునేది. మా ఆవిడ సూర్యకాంతం ఆ అమ్మాయికి టీ పంపడం మొదలుపెట్టింది. నాకు పంపడం మానేసింది.

అనూరాధ అనుమానం ఇదీ. వానల్లో కట్టడాలు ఆగిపోతాయి, అడ్డాలో సగంమంది పనిలేకుండా ఇంటికి పోతారు. కాస్త తక్కువకైతే పనివ్వడానికి రైతులు ఉన్నారు. అయినా ఎవరూ తగ్గరు. ఎందుకు తగ్గరు?

"సాయంత్రం అయ్యేసరికి సంతలో వంకాయల రేటు తగ్గుతుంది కదండీ. కూలి రేటు ఎందుకు తగ్గదు?" అని లక్ష్మణమ్మనే అడిగింది.

"వంకాయకి రేపు పొద్దున్న సాటి వంకాయల మొకం సూడక్కర్నేదు కదమ్మా," అంది లక్ష్మణమ్మ. అడ్డా అంతా గొల్లుమంది. అనూరాధ కూడా నవ్వింది.

తర్వాత నాతో నెమ్మదిగా చెప్పింది. "పని లేక కూర్చున్నవాళ్ళని మావాళ్ళు పుస్తకాల్లో, ఆ కూలికి వాళ్ళే ఇష్టపడక కూర్చున్నారు అని రాసేస్తారు అంకుల్. అది నిజమో కాదో తేల్చాలి నేను."

మంచి ఉద్దేశమే. కానీ తేల్చిన పద్ధతి మాత్రం మంచిది కాదు. అది మాకు తర్వాత గానీ తెలియలేదు. చుట్టుపక్కల గోగు వేసిన రైతులతో ముందే మాట్లాడుకుంది. గోగుకట్టల్ని చెరువులో ఊరవేసి, బెరడు కుళ్ళాక నార తీస్తారు కదా, ఆ పని. అడ్డా రేటుకి వంద తక్కువ. మొదట ఒక రైతు అడ్డాకి వచ్చి అందరి ముందూ అడిగాడు.

"బుగతా, ఎండు గోగుకర్ర ఒకటి తెచ్చుకుని ఆ మాట దానికి సెప్పు, అదొస్తాది నీతో," అన్నాడు ఒకడు ఆ రైతుతో. లక్ష్మణమ్మ సరేసరి, ముక్కు, పెదవి, మాట, కొంగు, అన్నీ అయ్యాయి.

తర్వాత రైతులు సాయంకాలాల్లో ఒక్కొక్కరి ఇంటికీ విడివిడిగా వెళ్ళారు. ఎవరికీ తెలియదు, నువ్వొక్కడివే, నా చెరువు ఊరికి దూరం అన్నారు. ఒక్కో మనిషికి ఒక్కో చెరువు.

లక్ష్మణమ్మ ఇంటికి రైతు వచ్చినప్పుడు ఆమె తన అత్త మంచం కింద గిన్నెలు పెడుతోందట. పెంకులు జారి, వాన సరిగ్గా ముసలమ్మ పొట్టమీద పడుతోంది. మంచం ఎటు జరిపినా చినుకు వెతుక్కుంటూ వస్తోంది. "నన్ను ఈ మంచంమీదే ముంచీసి సంపుతావేటే?" అని ముసలమ్మ అరుపు. ఇంట్లో బియ్యం తప్ప ఇంకేం లేవు. అడ్డాకి మేస్త్రీ వచ్చి వారం దాటింది. లక్ష్మణమ్మ ఆ రైతుతో అవుననలేదు, కాదనలేదు. "ఏ పక్క సెరువు?" అని మాత్రం అడిగింది.

గోగు ఊరిన నీళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఎలా చెప్పాలి? నల్లటి నీళ్ళు, పైన నురగ. అందులో నడుం లోతున నిలబడి, కుళ్ళిన బెరడు చేత్తో పట్టి లాగితే, జిగటగా ఊడి వస్తుంది. చచ్చిన పశువు, పాచిపోయిన గంజి, మురుగుకాలవ, మూడూ ఒక్క కుండలో ఉడికినట్టు ఉంటుంది ఆ కంపు. గోళ్ళ సందుల్లోకి దిగుతుంది. సబ్బుకి పోదు. నిమ్మకాయకి పోదు. కిరసనాయిలుకి సగం పోయి, ఆ సగం మర్నాటికి తిరిగి వస్తుంది.

లక్ష్మణమ్మ మా కొట్టుకి వచ్చి ఇంటి కప్పుమీద పరచడానికి బరకం అడిగింది. గుమ్మంలోకి అడుగుపెట్టకుండా బయటే నిలబడింది.

"లోపలికి రా లక్ష్మణమ్మా, తడుస్తున్నావు."

"నేదు బావూ, కాళ్ళు బురద. ఇక్కడికే ఇసురు."

డబ్బు తెచ్చి అరుగుమీద పెట్టి, నేను తీసుకునేలోపే వెళ్ళిపోయింది. నోట్లు తీసి గల్లాపెట్టెలో వేశాను. ఆ సాయంత్రం గంగులు తాడు కోసం వచ్చాడు, వాడూ బయటే నిలబడ్డాడు. ఆ వారంలో ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. బరకాలూ తాళ్ళూ అమ్ముడవుతున్నాయి, అందరూ బయటే నిలబడుతున్నారు. నేను వ్యాపారం బాగుందని సంతోషిస్తున్నాను.

సూర్యకాంతం వచ్చి గల్లాపెట్టె తెరిచి ముక్కు మూసుకుంది.

"ఏటండీ ఇది? ఎలక సచ్చిపోయింది ఇందులో!"

కొట్టంతా ఖాళీ చేశాం. తాళ్ళ చుట్టలు రోడ్డుమీద, మేకుల డబ్బాలు రోడ్డుమీద, సూర్యకాంతం చేతిలో చీపురు, నా చేతిలో కర్ర. వీధివీధంతా వచ్చి చూసింది. ఎలక దొరకలేదు. చివరికి ఆవిడ ఒక నోటు ముక్కు దగ్గర పెట్టుకుని, గబగబా పెరట్లోకి వెళ్ళి డోకింది. తిరిగొచ్చి ఒకటే మాటంది. "ఎలక కాదు. మీ గిరాకీలు."

అప్పుడు నాకు లెక్క తెలిసింది, బయటే నిలబడ్డవాళ్ళందరూ గోగునీళ్ళలో దిగినవాళ్ళే. ఎవరితోనూ అనలేదు. నోట్లని మాత్రం తీగమీద ఆరేశాం.

మర్నాడు పొద్దున్నే అడ్డాని చూస్తే నవ్వాలో, ముక్కు మూసుకోవాలో తెలియలేదు. గంగులు మొహానికీ మెడకీ తెల్లగా పౌడరు కొట్టుకున్నాడు, పెళ్ళికొడుకులా. ఒకామె తలనిండా మరువం. ఇంకొకడి చేతులకి కిరసనాయిలు. లక్ష్మణమ్మ చేతులు కొంగులోంచి బయటికి తీయడం లేదు. అన్నిటి మీదుగా గోగునార కంపు గుప్పున లేస్తోంది. ఒక్కరూ మాట్లాడరు. ఎందుకంటే ప్రతివాళ్ళూ ఆ కంపు తన ఒంటిదే అనుకుంటున్నారు. ఒకరికొకరు దూరందూరంగా జరుగుతున్నారు, పక్కవాడి వాసనకి కాదు, తన వాసన పక్కవాడికి తగలకూడదని.

ఆ రోజే జగన్నాధం వచ్చాడు. కాంట్రాక్టరు. బస్టాండు వెనక ఒక స్లాబు వేయాలి. వాన తెరిపిచ్చింది, కాంక్రీటు కలిపే మిషను వచ్చి నిలబడింది, మనుషులు కావాలి. ఆటోలు తెచ్చాడు. కానీ ఆటో దిగిన మనిషి మొహంలో తొందర లేదు, నవ్వుంది. ముందురోజు టీకొట్టు దగ్గర ఒక రైతు అతనికి గొప్పగా చెప్పాడట, మీ అడ్డా మనిషిని వంద తక్కువకి దించానని. పేరు చెప్పలేదు, ఆ అమ్మాయికి మాటిచ్చాడు గనక. కడుపులో దాచుకోలేక మిగతాదంతా చెప్పేశాడు.

"అందరూ రండర్రా. కానీ వంద తక్కువ," అన్నాడు జగన్నాధం.

"ఏటి బావూ, తెల్లారకముందే తాగినావేటి?" అంది లక్ష్మణమ్మ.

"తాగినోడు నాను కాదప్పా. గోగునారకి తక్కువకి ఎల్లినోడు మీలోనే ఉన్నాడు. ఆ కుళ్ళునీళ్ళలోకి తక్కువకి దిగితే, నా సిమెంటు సేదా మీకు? ఒకడు ఎల్లినాడంటే అదే రేటు. రానోళ్ళు కూకోండి."

అడ్డా అంతా బిగుసుకుపోయింది. నేను కొట్టులోంచి చూస్తున్నాను. ఒక్కొక్క కన్నూ నెమ్మదిగా వరస చివరికి తిరిగింది. నిరుడు తగ్గినవాడు ఎవడు? గంగులు.

"ఈడే అయ్యుంటాడు," అందొకామె, తలలో మరువం పెట్టుకున్న మనిషి. "ఒకసారి రుసి మరిగినోడు ఊరుకుంటాడేటి?"

"సీ సీ, మళ్ళీనా?" అన్నాడు కిరసనాయిలు చేతులవాడు.

నాకు అసహ్యం వేసింది. ఆ కిరసనాయిలువాడు మా కొట్టు ముందు నిలబడి నాకిచ్చిన నోటు ఇంకా తీగమీదే ఉంది. గంగులు తల దించుకున్నాడు. వాడూ వెళ్ళినవాడే కదా, ఏమని బుకాయిస్తాడు? పౌడరు చెమటకి గీతలుగా కారుతోంది. మరువం తలది వంగి, వాడి తట్ట అంచుమీద చెయ్యి వేసింది.

"దాన్ని ఒగ్గీ," అంది లక్ష్మణమ్మ.

అని ముందుకొచ్చి, వరసలో మొదటున్న తన తట్టని రెండు చేతులతో ఎత్తి బోర్లించింది. ఖణేలుమంది. దానిమీద కూర్చుంది.

"ఎల్లింది నాను. ఆడు కాదు."

జగన్నాధం చేతులు తట్టాడు. "మరేటి! లక్ష్మణమ్మే ఎల్లినాదంటే ఇంకేటి మాట? అదే రేటు!"

"ఏటి అదే రేటు? కళ్ళు కనిపించనేదేటి నీకు? నా తట్ట బోర్లుంది. ఈ పూట నుంచి నాను అడ్డా మనిసిని కాను. తగ్గినోళ్ళు కావాలంటే అడ్డా బయట ఎతుక్కో. ఈ వరసలో ఉన్నోళ్ళందరూ అడ్డా రేటోళ్ళు. నీ మిషను అద్దె తిరుగుతోంది, ఇష్టమైతే ఎక్కించుకో, నేదంటే నీ పెళ్ళాం సేత మోయించు."

పైన మబ్బు మళ్ళీ కమ్ముతోంది. జగన్నాధం మబ్బుని చూశాడు, ఆటోలని చూశాడు, లక్ష్మణమ్మని తిట్టాడు. ఎక్కండి అన్నాడు.

ఎక్కారు. అందరూ ఎక్కారు. అడ్డా రేటుకి. మరువం తలది లక్ష్మణమ్మ పక్కనుంచి పోతూ మొహం తిప్పుకుని "సీ" అంది, అచ్చు లక్ష్మణమ్మలాగే. గంగులు అందరికంటే చివర ఎక్కాడు, వెనక్కి చూడలేదు. ఆటో కదలగానే లోపలినుంచి జగన్నాధం గొంతు వినపడింది: "ఏటర్రా ఈ కంపు? ఎవులిదర్రా?"

లక్ష్మణమ్మ తట్టమీదే కూర్చుని ఉంది. కాసేపటికి ముక్కు ఎగబీల్చింది. ఇటు చూసింది, అటు చూసింది. తన చెయ్యి వాసన చూసుకుంది. మళ్ళీ గాలి పీల్చింది.

"బావూ."

"ఏం లక్ష్మణమ్మా?"

"ఆటోలు ఎల్లగానే కంపు సగానికి సగం తగ్గిపోనాది."

తీగమీది నోట్ల వైపు చూసి, ఆమె నావైపు చూసింది. సంగతి మొత్తం ఆ మొహంలో నెమ్మదిగా తెల్లారింది. ముందు నవ్వు వచ్చింది. తర్వాత అది అక్కడికక్కడే కుళ్ళిపోయి ఇంకేదో అయింది.

"అందరూనా?"

"అందరూ."

"సీ," అంది. ఈసారి ఎవరివైపూ మొహం తిప్పుకోలేదు. తిప్పుకోవడానికి ఎవరూ లేరు.

"చెప్పేస్తాను నేను. రేపు పొద్దున్నే అందరిముందూ చెప్పేస్తాను," అన్నాను. నాకు నిజంగానే ఒళ్ళు మండుతోంది.

"నోరు ముయ్యి బావూ. అందరూ ఎల్లినారని తెలిస్తే రేటు ఉంటాదేటి? ఒకర్తి ఎల్లితే తప్పు. అందరూ ఎల్లితే అదే రేటు."

అనూరాధ ఆ మధ్యాహ్నం వచ్చింది. సంగతి విని స్టూలుమీద కూలబడింది. రైతుల్ని ఇళ్ళకి పంపింది తనేనని, అప్పుడు చెప్పింది. దాచలేదు. ఏడ్చింది కూడా. "ఎవరికీ నష్టం రాకూడదనే విడివిడిగా అడిగించాను. మీరు పోగొట్టుకున్న కూలి మొత్తం నేనిస్తాను."

లక్ష్మణమ్మ ఆ అమ్మాయిని చాలాసేపు చూసింది. కుళ్ళునీళ్ళని చూసినట్టే చూసింది.

"నీకు కావాల్సింది దొరికినాదా?"

"దొరికింది."

"ఏటది?"

"అందరికీ పని కావాలి. ఎవరూ ఇష్టపడి ఖాళీగా కూర్చోవడం లేదు. ఒకరికోసం ఒకరు ఆగుతున్నారు."

"దానికి మమ్మల్ని ఆ పెంటలో ముంచాలా తల్లీ? మమ్మల్నే కూకోబెట్టి అడిగితే సెప్పీవోళ్ళం కాదేటి?"

"అడిగాను. వంకాయ కథ చెప్పారు," అంది అనూరాధ, కళ్ళు తుడుచుకుంటూ.

లక్ష్మణమ్మకి కాస్త నవ్వొచ్చింది, ఆపుకుంది. డబ్బు తీసుకోలేదు. "రాసుకో. నా పేరు ఒగ్గీ, ఊరి పేరు ఒగ్గీ. ఆ వాసన గురించి మాత్రం రాయకు. సదివినోళ్ళకి కూడు సయించదు."

ఆ తర్వాత కూడా లక్ష్మణమ్మ రోజూ పొద్దున్నే అడ్డాకి వచ్చింది. తట్టని అక్కడే వదిలేసింది, బోర్లుగా. మా అరుగు చివర కూర్చునేది. ఎవరూ పలకరించేవాళ్ళు కారు. నిమ్మకాయ రుద్దిన చేతులతో కూరగిన్నె పంచుకుంటూ, ఆమె దగ్గరికి వచ్చేసరికి దాటేసేవాళ్ళు. ఒకరోజు మరువం తలది మా కొట్టుకి మేకులు కొనడానికి వచ్చి, "ఆయమ్మ ఎంత పని సేసినాదండీ బావూ" అని మొదలుపెట్టింది. సూర్యకాంతం లోపలినుంచి వచ్చి, ఆ మనిషిచ్చిన నోటుని రెండు వేళ్ళతో పట్టుకుని, వాసన చూసి, తిరిగి చేతిలో పెట్టింది. "వేరేది ఇయ్యి," అంది. ఆ మనిషి మేకులు అక్కడే వదిలేసి పోయింది.

బరకం కింద ముసలమ్మ మాత్రం పొడిగా ఉంది. ఇప్పుడు గాలి ఆడటం లేదని అరుస్తోందట.

వానలు వెనకబట్టాయి. గోగునార ఎండి సంతకి వచ్చేసింది. కంపు అందరి చేతులనుంచీ కొంచెంకొంచెంగా పోయింది, లేక అందరికీ అలవాటైపోయింది. ఒక పొద్దున్న నేను షట్టరు ఎత్తుతుంటే గంగులు అందరికంటే ముందు వచ్చి ఉన్నాడు. తన తట్ట పెట్టుకున్నాడు. తర్వాత లక్ష్మణమ్మ తట్ట దగ్గరికి వెళ్ళి, దాన్ని కాలితో ఒకసారి తట్టి, వంగి వెల్లకిలా తిప్పాడు. కింద చెమ్మలోంచి ఒక కప్ప గెంతింది. అప్పటికే వచ్చినవాళ్ళు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి నోరుండాలి కదా.

లక్ష్మణమ్మ అరుగుమీదనుంచి చూస్తోంది. నిరుడు ఈ గంగులు తట్ట అలాగే పడుంటే, రోజూ దాని పక్కనుంచే నడిచి వెళ్ళింది ఆమె.

"అప్పా, నీ తట్ట కింద కప్ప కాపరం పెట్టీసినాది. బేగి తీసుకో, పిల్లల్ని ఎట్టీగల్దు," అన్నాడు గంగులు.

లక్ష్మణమ్మ లేచి వచ్చింది. తట్టని చూసింది, వాడి చేతుల్ని చూసింది.

"ముట్టుకునే ముందు సేతులు కడుక్కున్నావేటిరా?"

"కడుక్కున్నాను. నువ్వు?"

ఆమె ముక్కు ముడతలు పడింది. పై పెదవి ఒక పక్కకి లేచింది. మాట మాత్రం రాలేదు. తట్టకంటిన బురద కొంగుతో తుడుచుకుని, తీసుకెళ్ళి వరసలో గంగులు తట్ట వెనక పెట్టుకుంది.